ఆర్డునోకి ఏ ఎల్‌ఈడీలు కొనాలి? నన్నడిగితే ఎర్రవే

ఆర్డునో (ప్రోగ్రాం రాసి లైట్లూ మోటార్లూ ఆడించే చిన్న సర్క్యూట్ బోర్డు) మొదలుపెడుతున్నాను, ఏ ఎల్‌ఈడీలు కొనాలి, అన్ని రంగులూ కలిపి వచ్చే కిట్ తీసుకోనా అని అడిగారు. కిట్ వద్దండీ. 5 మిల్లీమీటర్ల ఎర్రవి ఓ యాభై తెచ్చుకోండి. గాజులా తేటగా ఉండేవి కాదు, మసక మూతివి. షాపులో 'డిఫ్యూజ్డ్' అంటే ఇస్తారు. వాటితోపాటు కరెంటుని అదుపులో ఉంచే రెసిస్టర్లు, 330 ఓమ్‌లవి, యాభై. ఏడాది గడిచిపోతుంది.

కలగలుపు రంగుల మీద నాకెందుకింత కోపమో చెప్పాలంటే మా అమ్మ బొమ్మల కొలువు దగ్గరికి వెళ్లాలి.

అప్పుడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. సంక్రాంతి కొలువుకి లైట్లు నేనే పెడతానని గొప్పగా చెప్పి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సెక్కి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. నాలుగు ఎర్రవి, మూడు తెల్లవి, మూడు నీలివి కొన్నాను. ఇంటికొచ్చి పదింటినీ పక్కపక్కనే ప్యారలల్‌గా కలిపి, అన్నింటికీ కలిపి ఒకే ఒక్క 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, సెల్‌ఫోన్ చార్జర్‌కి తగిలించాను. పది రెసిస్టర్లు దేనికి, దండగ అనుకున్నాను.

స్విచ్ వేస్తే ఎర్రవి నాలుగే వెలిగాయి. అవేమో కింది మెట్టు మీద కూరగాయల బండి దగ్గరున్నాయి. పై మెట్టు మీద శ్రీరామ పట్టాభిషేకం చీకట్లో ఉంది. "దేవుడికి కరెంటు కట్ చేసి వంకాయలకి ఇచ్చావేంట్రా" అంది అమ్మ. తెల్లారితే భోగి, పేరంటాళ్లని పిలిచేసింది. నాకు టెన్షన్.

పాడైనవి అంటగట్టారని ఆవేశంగా మళ్లీ కోఠీ వెళ్లాను. కౌంటర్‌లో పెద్దాయన ఏమీ అనలేదు. సొరుగులోంచి సీఆర్2032 బిళ్ల సెల్లు తీసి, ఎల్‌ఈడీ రెండు కాళ్ల మధ్య బిస్కెట్‌లా దూర్చాడు, పొడుగు కాలు ప్లస్ వైపు వచ్చేలా. వెలిగింది. ఇంకోటి. అదీ వెలిగింది. ఆరూ వెలిగాయి, చుట్టూ ఉన్నవాళ్లు చూస్తుండగా. "ఎరుపుతో కట్టావా బాబూ? అది రెండు వోల్టులకే తలుపు తీసేస్తుంది. తెలుపుకి మూడు కావాలి. ఇక దానికేం మిగుల్తుంది?" అన్నాడు. నాలుగు సెమిస్టర్లలో ఎవరూ చెప్పని మాట ఇది. మా ల్యాబ్‌లో డయోడ్ గ్రాఫ్ గీయించారు కానీ, డయోడ్ జాతిదే అయిన ఎల్‌ఈడీ ఒక్కటి చేతికివ్వలేదు.

అందుకే రంగంటే అందం ఒక్కటే కాదు, వోల్టేజీ. నీలం కాంతికి శక్తి ఎక్కువ కావాలి కాబట్టి అది వెలగడానికి కావాల్సిన వోల్టేజీ కూడా ఎక్కువ. ఎర్రది 1962లోనే వచ్చింది. గట్టిగా వెలిగే నీలానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది, దానికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ కూడా ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషమే. కానీ ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి రౌటర్ దాకా ప్రతిదానికీ నీలి చుక్క తగిలించి రాత్రిళ్లు నిద్ర చెడగొడుతున్నారు. మా ఇంట్లో అన్నింటి మీదా ఇన్సులేషన్ టేపు ముక్కలే.

ఆకుపచ్చతో ఇంకో చిక్కుంది. పాత రకం, పసుపు కలిసినట్టుండేది, రెండు వోల్టుల చిల్లర తీసుకుంటుంది. పచ్చరాయిలా మెరిసే కొత్త రకానికి మూడు కావాలి. కిట్ డబ్బా మీద ఏ రకమో రాసి ఉండదు. 9 వోల్టుల బ్యాటరీకి ఎల్‌ఈడీని రెసిస్టర్ లేకుండా నేరుగా తగిలించి చూపించే వీడియోల సంగతి ఇక ఎత్తను.

మీది ఆర్డునో ఊనో అయితే, దాని పిన్ ఇచ్చే 5 వోల్టుల్లో ఎర్రది 2 తీసుకుంటే మిగిలింది 3. దాన్ని 330తో భాగిస్తే 0.009 ఆంపియర్లు, అంటే 9 మిల్లీ ఆంపియర్ల కరెంటు. పిన్‌కి భారం లేదు, కంటికి చాలు. తేట మూతివి కాంతినంతా ముందుకే గుచ్చుతాయి, పక్కనుంచి చూస్తే ఆరిపోయినట్టుంటాయి. మసక మూతిది ఎటునుంచి చూసినా కనబడుతుంది. ఎన్ని పెట్టినా ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్ వేయండి, రూపాయి దగ్గర కక్కుర్తి పడకండి.

ఆ రాత్రి పదకొండింటి దాకా కూర్చుని పదింటికీ పది రెసిస్టర్లు టంకం పెట్టాను. పట్టాభిషేకం తెల్లగా ధగధగలాడింది. అమ్మ కాసేపు చూసి, "కళ్లు జిగేలుమంటున్నాయిరా, ఆ వంకాయల దగ్గరవే ఇక్కడ పెట్టు" అంది.