సెమ్ పరీక్షల మధ్య సమ్మర్ ఆఫ్ కోడ్: తెలుగు కర్సర్ బగ్‌ను ప్రాజెక్టుగా మలచడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా: టెక్కలి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ మూడో ఏడు. రోజూ వాడే ఓపెన్ సోర్స్ టెక్స్ట్ ఎడిటర్‌లో తెలుగు ఒత్తుల మధ్య కర్సర్ ఆగిపోతోంది, బ్యాక్‌స్పేస్ కొడితే సగం అక్షరమే పోతోంది. దీన్ని గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి (ఓపెన్ సోర్స్‌కు కోడ్ రాసే కొత్తవాళ్ళకు గూగుల్ డబ్బిచ్చే కార్యక్రమం) ప్రపోజ్ చెయ్యొచ్చా? 8 జీబీ విండోస్ ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, మే నెలలో సెమ్ పరీక్షలు. టైమ్‌లైన్ ఎలా రాయాలి?

జవాబు:

చెయ్యొచ్చు తమ్ముడూ. కానీ ప్రపోజల్ ఫైలు తెరవకముందే ఒకటి తేల్చుకో: నువ్వు చెప్పిన రెండింట్లో రెండోది అసలు బగ్ కాకపోవచ్చు. మన లిపుల్లో బ్యాక్‌స్పేస్ ఒక్కో కోడ్‌పాయింట్‌నే (యూనికోడ్‌లో సొంత సంఖ్య ఉన్న ఒక్కో గుర్తు) చెరపడం చాలా చోట్ల కావాలని పెట్టిన పద్ధతి. ‘శ్రీ’ కొట్టేటప్పుడు గుడి దీర్ఘం పొరపాటున పడిందనుకో, ఒక్క బ్యాక్‌స్పేస్‌తో అదొక్కటే పోయి ‘శ్ర’ మిగిలితేనే టైప్ చేసేవాళ్ళకు సుఖం. బాణం మీటలు, డిలీట్ మీట, మౌస్ సెలెక్షన్ మాత్రం అక్షరం మొత్తాన్ని ఒకే ముక్కగా చూడాలి. ఈ తేడా పట్టించుకోకుండా ‘రెండూ సరిచేస్తాను’ అని రాస్తే, టెక్స్ట్ విభాగం చూసే మెయింటెయినర్‌కు నీ ప్రపోజల్ మీద నమ్మకం మొదటి పేరాలోనే పోతుంది.

కర్సర్ సంగతి నిజమైన బగ్గే అయ్యుంటుంది. ఎక్కడ ముక్క కొయ్యాలో చెప్పే నియమాలు యూనికోడ్‌వారి యూఏఎక్స్ 29 అనే పత్రంలో ఉంటాయి, ఆ ముక్కను గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. 2023లో యూనికోడ్ 15.1 వెర్షన్ వచ్చేదాకా ఆ నియమాలు విరామం (పొల్లు గుర్తు) దగ్గర ఒత్తును విడగొట్టేసేవి. 15.1లో జీబీ9సీ అనే నియమం చేర్చాక తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో హల్లు, విరామం, హల్లు కలిసి ఒకే క్లస్టర్ అయ్యాయి. పాత యూనికోడ్ పట్టికలతో నడిచే ప్రోగ్రాముల్లో కర్సర్ ఇంకా ఒత్తు మధ్యలోనే ఆగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ‘విజయనగరం’ ఒక్కటే చాలదు, పోలికకే పనికొస్తుంది, అందులో ఒత్తే లేదు: 8 కోడ్‌పాయింట్లు, యూటీఎఫ్-8లో 24 బైట్లు, పాత నియమంలోనూ కొత్త నియమంలోనూ 6 క్లస్టర్లే. ‘శ్రీకాకుళం’ తీసుకో: 10 కోడ్‌పాయింట్లు, 30 బైట్లు, పాత నియమంలో 5 క్లస్టర్లు, కొత్తదాంట్లో 4. ఈ ఒక్క విషయంలో పైచేయి మన జిల్లాదే. మూడో పరీక్షకు ‘సాఫ్ట్‌వేర్’ పెట్టు. అందులో ‘ట్’ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంటుంది, అక్కడ మాత్రం విడిపోవాలి. బగ్ రిపోర్టులో ఈ మూడు పదాలు, ఎడిటర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, కుడి బాణం ఎన్నిసార్లు కొడితే పదం దాటింది, ఎన్నిసార్లలో దాటాలి అన్నవి రాస్తే చాలు. తెలుగు చదవడం రాని మెయింటెయినర్ కూడా లెక్కపెట్టి సరిచూసుకోగలడు.

ఆ తర్వాత ఎడిటర్ సొంత పట్టికలు వాడుతోందా, ఐసీయూ (యూనికోడ్ పనులకు చాలా ప్రోగ్రాములు వాడేది) లాంటి లైబ్రరీ మీద ఆధారపడిందా చూడు. ఐసీయూలో 74వ వెర్షన్ నుంచి యూనికోడ్ 15.1 ఉంది. లైబ్రరీ వెర్షన్ పెంచితే బాగయ్యేదైతే అది వారం రోజుల పని, సమ్మర్ ఆఫ్ కోడ్‌లో మధ్యరకమైన 175 గంటల ప్రాజెక్టు కాదు. చాలా ప్రపోజల్స్ పోయేది పని పెద్దదై కాదు, ఇలా మరీ చిన్నదై. అలాగైతే పరిధి పెంచాలి: కర్సర్, సెలెక్షన్, వెతుకులాటలో హైలైట్, లైను విరుపు, స్టేటస్ బార్‌లో చూపే కాలమ్ నంబరు, ఇవన్నీ ఒకే ఫంక్షన్‌ను పిలిచేలా మార్చడం, ఆరు లిపులకూ ఆటోమేటిక్ టెస్టులు రాయడం. కోడ్‌లో ఈ పనులు చేసే చోట్లు ఎన్నున్నాయో గ్రెప్ (ఫైళ్ళలో పదాలు వెతికే కమాండ్) కొట్టి చూస్తే, ఒక్కోటి ఒక్కో రకంగా అక్షరాలు లెక్కపెడుతూ కనబడతాయి. ఆ జాబితా, ఫైలు పేర్లతో సహా, నీ ప్రపోజల్‌కు వెన్నెముక.

నీ ఆలోచన ప్రాజెక్టువాళ్ళు పెట్టే ఐడియాల జాబితాలో లేకపోతే ప్రాజెక్టులోంచి నీకు దారిచూపే మెంటర్‌ను నువ్వే ఒప్పించుకోవాలి. మెంటర్ లేని ప్రపోజల్ ఎంత బాగున్నా ఎంపిక కాదు. అదీగాక ఒక్కో సంస్థకు గూగుల్ ఇచ్చే స్లాట్లు పరిమితం. నీ ఎడిటర్ పేరు సంస్థల జాబితాలో నేరుగా కనబడకపోయినా నిరాశపడకు, చాలా ప్రాజెక్టులను కలిపి నడిపే గొడుగు సంస్థల కింద వెతుకు. ఉదాహరణకు కేట్ ఎడిటర్ కేడీఈ కిందికి వస్తుంది. సంస్థల జాబితా ఫిబ్రవరి చివర్లో బయటికొస్తుంది. 2025లో ప్రపోజల్స్ మార్చి 24 నుంచి ఏప్రిల్ 8 వరకు తీసుకున్నారు, ఫలితాలు మే 8న వచ్చాయి, కోడింగ్ జూన్ 2న మొదలైంది. ఏటా కాస్త అటూ ఇటూగా ఇదే వరుస. జాబితా వచ్చాక మొదలెడితే నెలరోజులే చేతిలో ఉంటాయి. డిసెంబరు సెలవుల్లోనే ఎడిటర్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసి చూడటం మంచిది.

బిల్డ్ దగ్గరే చాలామంది ఆగిపోతారు, కాబట్టి ఇది కాస్త వివరంగా. గిట్ క్లోన్ (సోర్స్ కోడ్ మొత్తం దించుకోవడం) మధ్యలో నెట్ తెగితే ఆగినచోటు నుంచి అందుకోదు, మొత్తం మళ్ళీ మొదటికే. హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు డెప్త్ 1 పెట్టి తాజా కమిట్ ఒక్కటే దించు, తర్వాత ఫెచ్‌కు డీపెన్ ఆప్షన్ ఇచ్చి 500 చొప్పున చరిత్ర కలుపుకుంటూ పో. డెప్త్ 1తోనే వదిలేస్తే చరిత్ర వెతికే బ్లేమ్, బైసెక్ట్ కమాండ్లు పనికిరావు. ఆ లైను ఎవరు ఎందుకు రాశారో తెలియకుండా దాన్ని మార్చకూడదు. కాలేజీ వైఫైలో ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టు మూసేసి ఉంటే పుష్ టైమౌట్ అవుతుంది. గిట్‌హబ్ అయితే ఎస్‌ఎస్‌హెచ్‌ను 443 పోర్టు మీద కూడా ఇస్తుంది, లేదా హెచ్‌టీటీపీఎస్‌లో టోకెన్ వాడు. అకౌంట్ పాస్‌వర్డ్‌తో పుష్ చెయ్యడం 2021 ఆగస్టులోనే ఆపేశారు.

విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ 2 (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) పెట్టుకుంటే అది మామూలుగా ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది. నీ 8 జీబీలో లినక్స్‌కు దక్కేది 4. సీ ప్లస్ ప్లస్ ఫైళ్ళు ఒక్కో కంపైల్ జాబ్‌కు జీబీ, కొన్నిసార్లు రెండు తింటాయి. లింకింగ్ దగ్గర ఇంకా ఎక్కువ. బిల్డ్ గంటసేపు నడిచి చివర్లో ‘కిల్డ్’ అని ఒక్క ముక్క చూపించి ఆగిందంటే తప్పు కోడ్‌లో లేదు, మెమరీ అయిపోయింది. డబ్ల్యూఎస్‌ఎల్ కాన్ఫిగ్ ఫైలులో మెమరీ 6 జీబీ, స్వాప్ 8 జీబీ రాసి, జాబ్‌లు రెండుకు తగ్గించు. సోర్స్‌ను లినక్స్ వైపు హోమ్ ఫోల్డర్లోనే ఉంచు. సీ డ్రైవ్‌లో పెట్టి అటునుంచి కంపైల్ చేస్తే ఫైలు చదివిన ప్రతిసారీ ఆలస్యమే. సీక్యాష్ (పాత కంపైల్ ఫలితాలను దాచి మళ్ళీ వాడేది) మొదటి బిల్డ్‌కు ముందే పెట్టుకో. బ్రాంచ్ మారినప్పుడల్లా గంటలు కలిసొస్తాయి.

మొదటి ప్యాచ్ (ప్రాజెక్టుకు పంపే కోడ్ మార్పు) చిన్నదిగా ఉండాలి, కానీ నీ ప్రాజెక్టు తాకబోయే ఫైళ్ళ దగ్గరే ఉండాలి. రీడ్‌మీలో అచ్చుతప్పు దిద్దిన ప్యాచ్‌ను ఎంపికలో ఎవరూ లెక్కపెట్టరు. ‘శ్రీకాకుళం’ టెస్టును, ప్రస్తుతం ఫెయిల్ అవుతుందని గుర్తుపెట్టి, టెస్టుల ఫోల్డర్లో చేర్చడమే మంచి మొదటి ప్యాచ్. పంపేముందు డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపేది) ఒకసారి నిదానంగా చదువు. మూడు లైన్లు మార్చితే మూడు వందల లైన్లు కనబడుతున్నాయంటే దోషులు ఇద్దరే: విండోస్ లైన్ ఎండింగ్స్, లేదా సేవ్ చెయ్యగానే ఫైలంతా సర్దేసే ఆటోఫార్మాట్. జెరిట్ అనే రివ్యూ సాధనం వాడే ప్రాజెక్టయితే రివ్యూ దిద్దుబాట్లకు కొత్త కమిట్ చెయ్యకు, ఉన్నదాన్నే అమెండ్ చెయ్యి. చేంజ్ ఐడీ మారితే రివ్యూ రెండు ముక్కలైపోతుంది. డీసీఓ (ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందన్న హామీ) అడిగేచోట కమిట్‌కు సైన్ ఆఫ్ లైను తప్పనిసరి.

మాటతీరు గురించి: ‘రెస్పెక్టెడ్ సర్’ అక్కర్లేదు, పేరుతోనే పిలుస్తారు. మెంటర్‌కు విడిగా మెసేజ్ పెట్టకుండా అందరూ చూసే చానెల్‌లో అడిగితే ఇంకెవరైనా జవాబిచ్చే వీలుంటుంది. జర్మనీ మెంటర్‌కు వేసవిలో మనకంటే 3:30 గంటలు వెనక, కాలిఫోర్నియా అయితే 12:30. సాయంత్రం ఏడింటికి ప్రశ్న పెడితే జర్మనీలో మధ్యాహ్నం మూడున్నర, వాళ్ళు కుర్చీలో ఉండే వేళ. ఐఆర్‌సీ అనే పాతతరం చాట్‌లో నువ్వు బయటికి వెళ్ళాక వచ్చిన జవాబు నీకు కనబడదు, కనెక్షన్ అలాగే ఉంచాలి. వారం దాకా ఉలుకూపలుకూ లేకపోతే ఒకసారి గుర్తుచెయ్యడం తప్పేం కాదు.

ఇక టైమ్‌లైన్. మామూలు కోడింగ్ గడువు 12 వారాలు, కానీ పట్టికను ఐడియాలోంచి కాకుండా నీ క్యాలెండర్‌లోంచి మొదలెట్టాలి. 175 గంటలను 12తో భాగిస్తే వారానికి పదిహేనుకు కాస్త తక్కువ. 350 అయితే 29 పైన, కాలేజీ తెరిచాక అది కుదిరే పని కాదు. 90 గంటల చిన్న రకం కూడా ఉంది, నీ పనికి 175 సరిపోతుంది. మేలో సెమ్ పరీక్షలు చాలావరకు కమ్యూనిటీ బాండింగ్ (ఫలితాలకూ కోడింగ్‌కూ మధ్య పరిచయాల గడువు) రోజుల్లో పోతాయి, అది అదృష్టమే. కానీ టైమ్ టేబుల్ జరిగి రెండు పేపర్లు జూన్‌లో పడితే ఏం చేస్తావో ప్రపోజల్‌లోనే రాయి. అసలు గండం జూలై-ఆగస్టులో ఉంది: నాలుగో ఏడు మొదలై క్యాంపస్ డ్రైవ్‌లు వచ్చిపడతాయి, విశాఖ వెళ్ళి రాసే పరీక్షలు ఒక్కోటి రోజంతా మింగుతాయి. అందుకే జూన్‌లో వారానికి 22 గంటలు పెట్టి, ఆగస్టులో పదికి దించు. ‘రోజుకు 8 గంటలు, సెలవుల్లేవు’ అని రాసిన ప్రపోజల్‌ను ఎవరూ నమ్మరు, ‘ఈ వారం పరీక్షలు, సున్నా గంటలు’ అని రాసినదాన్ని నమ్ముతారు. మెంటర్ ఒప్పుకుంటే గడువును 22 వారాల దాకా సాగదీయొచ్చు, కాకపోతే దాన్ని ముందే అడగాలి.

వారాలవారీ రాతలో ‘కోడ్ అధ్యయనం’, ‘ఇంప్లిమెంటేషన్’ లాంటి పదాలకు విలువ లేదు. ప్రతి రెండు వారాలకు ప్రాజెక్టు కోడ్‌లో మెర్జ్ కాగలిగే (కలిసిపోయే) ఒక ముక్క చూపించు: 1-2లో ఉమ్మడి ఫంక్షన్, దాని టెస్టులు, 3-4లో కర్సర్, డిలీట్, 5-6లో సెలెక్షన్. మధ్య మూల్యాంకనం ఇక్కడే పడుతుంది, అప్పటికి ఎంత మెర్జ్ అయితే పాస్ అనుకోవాలో నువ్వే రాసిపెట్టు. 7-9లో వెతుకులాట, లైను విరుపు. 10లో డాక్యుమెంటేషన్. 11, 12 ఖాళీగా వదిలెయ్యి, రివ్యూలు ఆలస్యమై అవి వాటంతటవే నిండుతాయి. సమయం చాలకపోతే మొదట వదిలేసేది ఏదో కూడా చెప్పు. నన్నడిగితే లైను విరుపు వదిలెయ్. ఏఐతో రాయించిన ప్రపోజల్స్ చదివేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతాయి: ఫైలు పేర్లుండవు, ఉన్నా ఆ రిపోలో ఉండవు.

ప్రపోజల్ పీడీఎఫ్‌గా ఇవ్వాలి, మొత్తం మూడు దాకా పంపొచ్చు, గడువులోపు మార్చి మళ్ళీ ఎక్కించొచ్చు. గడువు 18:00 యూటీసీ, అంటే మనకు రాత్రి 11:30. వేసవి గాలివానకు కరెంటు పోయే వేళ కూడా అదే కాబట్టి మధ్యాహ్నమే ఒక కాపీ ఎక్కించి ఉంచు. వయసు 18 నిండాలి. 2025లో మన దేశానికి 175 గంటలకు 1500 డాలర్లు, 350కి 3000. మధ్య మూల్యాంకనం దాటాక 45 శాతం, చివర్లో 55 శాతం, పేయోనీర్ అనే చెల్లింపుల సంస్థ ద్వారా. అకౌంట్‌లో పేరు, బ్యాంకులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరును ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా రాయడం మనవాళ్ళకు మామూలే, డబ్బు ఆగేదీ అక్కడే. ఇంకొకటి, ఇది గూగుల్ ఉద్యోగమూ కాదు, ఇంటర్న్‌షిప్పూ కాదు. రెజ్యుమేలో అలా రాయకు. కాలేజీ అడిగే వేసవి ఇంటర్న్‌షిప్ కింద దీన్ని లెక్కిస్తారో లేదో హెచ్‌ఓడీని మార్చిలోనే అడిగి తెలుసుకో.

ఎంపిక కాకపోతే లినక్స్ ఫౌండేషన్‌వారి ఎల్‌ఎఫ్‌ఎక్స్ మెంటర్‌షిప్ ఏడాదికి మూడు విడతలుంటుంది, ఇలాంటిదే అయిన అవుట్‌రీచీ రెండు విడతలు. అవుట్‌రీచీకి ప్రాజెక్టు ఎంచుకోకముందే అర్హత వ్యాసాలు రాయాలి, వాటికి తీరిక పెట్టుకో. ఈలోపు రివ్యూలో ఉన్న నీ టెస్టు ప్యాచ్‌ను మాత్రం ఫలితాల రోజున వదిలెయ్యకు. అడిగిన మార్పులు చేసి మెర్జ్ చేయించుకో, వచ్చే ఏడాది ప్రపోజల్స్ చదివేవాళ్ళు వెతికేది దాని మీదున్న నీ పేరునే.