బూజీ అండ్ హాక్స్ పాత క్లారినెట్: అది 1010 అవునో కాదో తేల్చడం ఎలా?

మీ ప్రశ్న ఇది: బ్యాండు మేళం వాళ్లు అమ్ముతున్న పాత చెక్క క్లారినెట్ బెల్ మీద "బూజీ అండ్ హాక్స్, లండన్" అని తప్ప ఇంకేం లేదు. వాళ్లేమో ఆ కంపెనీ పై మెట్టు మోడల్ 1010 అంటున్నారు. నమ్మొచ్చా?

బెల్‌ని బట్టి ఏదీ తేల్చకండి. బెల్ (గంటలా విచ్చుకున్న కింది కొస), బ్యారెల్ (మౌత్‌పీస్ కింది పొట్టి ముక్క) పగిలితే ఇంకోదాని నుంచి తెచ్చి తగిలిస్తారు. వేళ్లు పెట్టే రెండు ముక్కలు, అంటే పై జాయింటు, కింది జాయింటు వెనకవైపు నంబర్లు చూడండి. రెండూ ఒకటే అయితే మంచిది. వేరువేరుగా ఉంటే రెండు వాయిద్యాలు కలిపి కట్టిందే, శ్రుతి కుదరకపోవచ్చు. అరిగిన ముద్ర మీద టార్చి పక్కనుంచి పడేలా పెడితే అక్షరాలు లేస్తాయి. ఇసుక కాగితం, బ్రాస్ పాలిష్ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

నంబరును బట్టి తయారైన కాలం అంచనా వెయ్యచ్చు, మోడల్ తేలదు. రీజెంట్, ఎడ్జ్‌వేర్ నేర్చుకునేవాళ్లవి, ఎంపరర్ మధ్యరకం. పై మెట్టులో ఇంపీరియల్ 926, సింఫనీ 1010 ఉంటాయి. ముద్ర పూర్తిగా పోయి ఉంటే తేల్చేది బోరే, అంటే లోపలి గొట్టం వెడల్పు. 1010 బోరు దాదాపు 15.2 మిల్లీమీటర్లు, అదీ చాలావరకు సమంగా సాగుతుంది. 926 అంతకంటే కొంచెం సన్నం.

కొలిచేటప్పుడే చాలామంది పొరపడతారు. పై జాయింటు కింది మొనకి ఏళ్ల తరబడి దారం బిగించి చుట్టి ఉంటే చెక్క నొక్కుకుపోయి, అక్కడ వెర్నియర్ (వెడల్పు కొలిచే సాధనం) తక్కువ చూపిస్తుంది. ఎండిన చెక్క కోలగా కూడా మారుతుంది కాబట్టి అడ్డంగా, నిలువుగా రెండుసార్లు కొలవండి. అంతకంటే నమ్మకమైన పద్ధతి, లేత్ మీద చెక్క పని చేసేవాళ్ల చేత 15.0, 15.2 మిల్లీమీటర్ల నున్నటి చెక్క బిరడాలు రెండు చేయించుకోవడం. 15.2ది సాఫీగా దూరితే 1010 బోరు అన్నమాట, 15.0ది మాత్రమే దూరితే అంతకంటే సన్నం. పట్టుబట్టి తోయకండి, బోరు గీసుకుపోతుంది.

డబ్బు ఇచ్చేముందు పిచ్ చూసి తీరాలి. బ్రిటిష్ సైనిక బ్యాండ్లు 1920ల చివరిదాకా ఎ స్వరం 452 హెర్ట్జ్ దగ్గర ఉండే హై పిచ్‌లో, అంటే ఇప్పటికంటే హెచ్చు శ్రుతిలో వాయించేవి. బూజీ, హాక్స్ కంపెనీలు కలిసింది 1930లో. అంటే కొత్త బెల్ తగిలించిన పాత హై పిచ్ హాక్స్ బాడీ కూడా మీ చేతికి రావచ్చు. మామూలు బి-ఫ్లాట్ క్లారినెట్ మౌత్‌పీస్ లేకుండా 59-60 సెంటీమీటర్లు ఉంటుంది, హై పిచ్‌ది ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు పొట్టి. బొటనవేలు, ఎడమచేతి మూడు వేళ్లు మూసి ఊదితే ఆరున్నర శ్రుతి షడ్జం, అంటే 233 హెర్ట్జ్ రావాలి. 239-240 చూపిస్తే అది హై పిచ్. బ్యారెల్ ఎంత బయటికి లాగినా బాగుపడదు. రంధ్రాల మధ్య దూరాలే తక్కువ కాబట్టి పై స్వరాలు దిగిపోతాయి, కింది స్వరాలు హెచ్చుగానే ఉండిపోతాయి. మన పాటకచేరీకి అది పనికిరాదు.

రింగులు ఆరు, కీలు పదిహేడు ఉంటే ఇప్పుడు మామూలుగా వాడే బోహ్మ్ సిస్టమ్. రింగులు రెండో నాలుగో ఉంటే పాత సింపుల్ సిస్టమ్, వేళ్ల పద్ధతే వేరు.

నిజంగా 1010 అని తేలితే పెట్టెలో ఉన్న పాత మౌత్‌పీస్ తప్పకుండా అడిగి తీసుకోండి. దాని లోపలి రంధ్రం కూడా వెడల్పుగా, సమంగా ఉంటుంది. బజారులో దొరికే మామూలు మౌత్‌పీస్ పెడితే కింది స్థాయికీ పై స్థాయికీ శ్రుతి కలవదు, తప్పు వాయిద్యానిదే అనిపిస్తుంది. ఆ పాత మౌత్‌పీస్ ఎబొనైట్‌ది (గట్టి రబ్బరు). వేడినీళ్లలో కడిగితే రంగు మారి, ఆకారం వంకరపోతుంది. చల్లటి నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.