చిక్ వెబ్ డ్రమ్స్ ఎక్కడ వినిపిస్తాయి?

ప్రశ్న: స్వింగ్ జాజ్ (1930ల నాటి డాన్సు సంగీతం) డ్రమ్మర్లలో చిక్ వెబ్‌ను మించినవాడు లేడని చదివి, ఆయన పాత రికార్డులు కొన్ని విన్నాను. ట్రంపెట్లు, సాక్సఫోన్లు, గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ గొంతు బాగానే వినిపించాయి. డ్రమ్స్ మాత్రం గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టు ఉన్నాయి. మరి ఆయన గొప్పతనం ఎందులో ఉంది?

జవాబు: లోపం మీ చెవిది కాదు, ఆయన చేతిదీ కాదు. 1930లలో బృందమంతా కొద్దిపాటి మైకుల ముందు కూర్చుని ఒకేసారి వాయించాలి. డ్రమ్మరును వెనక్కి జరిపి, మెల్లగా వాయించమనేవారు. కాలితో వాయించే పెద్ద బేస్ డ్రమ్ గట్టిగా మోగితే సూది గీస్తున్న గాడి పక్క గాడిలోకి జరిగిపోయి ప్లేటు చెడిపోయే ప్రమాదం ఉండేది. పైగా పది అంగుళాల రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. పాట, బాకాల వరస, సాక్సఫోన్ సోలో అన్నీ అందులోనే ఇమడాలి. డ్రమ్మరుకు దక్కేది చివర మిగిలిన నాలుగు దరువులే.

సొంత బృందం నడిపిన వెబ్ అసలు చోటు స్టూడియో కాదు, న్యూయార్క్ హార్లెమ్‌లోని సవోయ్ బాల్‌రూమ్ అనే డాన్సు హాలు. ఆయన బాల్టిమోర్‌లో పుట్టారు. చిన్నతనంలోనే వెన్నెముకకు క్షయ సోకి గూని మిగిలింది, ఎదుగుదల ఆగిపోయింది. కోడిపిల్లలా చిన్నగా ఉన్నాడని పిల్లలు పెట్టిన పేరే 'చిక్'. వార్తాపత్రికలు అమ్మి కూడబెట్టిన డబ్బుతో డ్రమ్స్ కొనుక్కున్నారు. పెద్దయ్యాక వాడిన బేస్ డ్రమ్ వ్యాసం 28 అంగుళాలు. దాని పెడల్ ఆయన కాలికి అందేలా ప్రత్యేకంగా చేయించుకున్నారు. ఆ డ్రమ్స్ వెనక మనిషి కనబడీ కనబడనట్టు ఉండేవారు, మోత మాత్రం హాలు చివరిదాకా వెళ్లేది. పిట్ట కొంచెం కూత ఘనం అనే మాట ఇంత సరిగ్గా అతికిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

స్వరలిపి చదవడం ఆయనకు రాదు. అరేంజ్‌మెంటు (ఏ వాద్యం ఎప్పుడు ఏం వాయించాలో చెప్పే కూర్పు) ఒకసారి బృందం వాయిస్తుంటే విని, మొత్తం మనసులో పెట్టుకునేవారు. డ్రమ్స్ వాయించేవాడిగా నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా ఉండేది ఇదే. బాకాలు ఎక్కడ విరుచుకుపడతాయో అరక్షణం ముందే ఆయనకు తెలుసు. స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద ఒక చిన్న దెబ్బతో వాళ్లను పైకి లేపి, వెంటనే తప్పుకుంటారు. సోలోల కోసం వెతికితే ఈ పనితనం కనిపించదు.

1937 మే 11న సవోయ్‌లో క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందంతో పోటీ జరిగింది. లోపల నాలుగు వేల మంది, చోటు దొరకక బయట ఇంకా వేల మంది. గుడ్‌మన్ దగ్గర డ్రమ్స్ వాయించే జీన్ క్రూపా అప్పటికే పెద్ద తార. ఆ రాత్రి వెబ్ చేతిలో ఓడిపోయానని తరువాత ఆయనే ఒప్పుకున్నారు. ఆ పోటీని ఎవరైనా రికార్డు చేసి ఉంటే మీరు ఈ ప్రశ్న అడిగేవారే కాదు.

రికార్డుల సంగతి. 1929లో 'జంగిల్ బ్యాండ్' పేరుతో మొదలుపెట్టారు. 1934లో 'స్టాంపింగ్ ఎట్ ద సవోయ్' వాయించారు. దాన్ని కట్టిన ఎడ్గర్ శాంప్సన్ ఈ బృందంలోని సాక్సఫోన్ వాద్యకారుడే. లోకానికి ఎక్కువగా తెలిసింది మాత్రం 1936 నాటి గుడ్‌మన్ రికార్డు. ఆ అన్యాయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 1934 చివరి నుంచి వెబ్ డెక్కా అనే రికార్డుల కంపెనీకి వాయించారు. 1938 మే 2న ఎల్లా పాడిన 'ఎ టిస్కెట్ ఎ టాస్కెట్' అమెరికా అంతటా మారుమోగింది. గాయని పాటకే గిరాకీ ఉన్నప్పుడు డ్రమ్స్‌కు చోటు ఎక్కడిది?

మీరు 'హార్లెమ్ కాంగో' (1937), 'లిజా' (1938) వినండి. ఫోను స్పీకరులో వద్దు. నేనూ మొదట అలాగే విని, బేస్ డ్రమ్ అసలు లేదనుకున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అడుగున నాలుగు దెబ్బలు సన్నగా, తడబాటు లేకుండా నడుస్తుంటాయి. మొదటిసారి ఆ నాలుగింటినే వినండి. రెండోసారి సింబల్స్ (లోహపు తాళాలు). మూడోసారికి బ్యాండంతా వేరుగా వినిపిస్తుంది.

ప్రశ్న: అనాథ అయిన ఎల్లాను చిక్ వెబ్ దత్తత తీసుకున్నారని విన్నాను. నిజమేనా?

జవాబు: చట్టప్రకారం దత్తత జరగలేదు, అది ప్రచారంలో పడిన కథ. తల్లిని పోగొట్టుకుని, ఉండటానికి ఇల్లు లేక తిరుగుతున్న అమ్మాయిని 1935లో బృందంలోకి తీసుకున్నది మాత్రం ఆయనే. మొదట ఆమె వాలకం చూసి వెనకాడారు. పాట విన్నాక మనసు మార్చుకున్నారు.

ఒళ్లు సహకరించకపోయినా చివరిదాకా ఆయన ప్రదర్శనలు మానలేదు. 1939 జూన్ 16న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పటికి నలభై కూడా నిండలేదు. ఆ బృందాన్ని ఎల్లా తన పేరు మీద 1942 వరకు నడిపారు.