బొప్పాయి తిన్నందుకే గర్భం నిలవలేదా?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. నెలసరి అయిదు రోజులు ఆలస్యం కావడంతో ఇంట్లోనే కిట్‌తో పరీక్ష చేసుకుంటే రెండో గీత లేతగా కనిపించింది. మూడు రోజులకు రక్తస్రావం మొదలైంది. డాక్టరు ‘కెమికల్ ప్రెగ్నెన్సీ’ అన్నారు. నెలసరి రావాల్సిన తేదీకి ముందు రెండు వారాలూ స్కూటీ మీదే ఆఫీసుకు వెళ్లాను, ఒకరోజు బొప్పాయి పండు కూడా తిన్నాను. అందువల్లే పోయిందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: నిజం కాదు. స్కూటీ వల్లా కాదు, ఆ పండు వల్లా కాదు. ఈ మాట ముందుగానే చెబుతున్నాను, ఎందుకంటే ఇదే బాధతో నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే తప్పంతా తమదేనని తీర్మానించుకుని వస్తారు. ‘కెమికల్’ అన్న పేరు విని కూడా కంగారు పడకండి. పరీక్షలో హార్మోన్ కనిపించి, స్కానింగ్‌లో ఇంకా ఏమీ కనిపించని దశలోనే గర్భం ఆగిపోతే అలా అంటారు.

అసలు కారణం ఎక్కువగా అండంలోనే ఉంటుంది. మీ అండాలు మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నప్పుడే తయారై, జన్యువులను మోసే క్రోమోజోములను పంచుకునే పనిని సగంలో ఆపి, ఇన్నేళ్లూ అలాగే వేచి ఉన్నాయి. ఏ నెలలో ఏ అండం విడుదల కావాలో ఆ అండంలో, విడుదలకు కాస్త ముందు ఆ పని మళ్లీ మొదలై, అండవాహికలో శుక్రకణం లోపలికి ప్రవేశించాక గానీ పూర్తి కాదు. అంత సుదీర్ఘ విరామం తర్వాత జరిగే ఈ పంపకంలో 23 ఉండాల్సిన చోట 22 లేదా 24 క్రోమోజోములు మిగలడం ఆరోగ్యవంతుల్లోనూ తరచుగా జరిగేదే. ఫలదీకరణ తర్వాతి తొలి విభజనల్లోనూ ఇలాంటి పొరపాటు దొర్లవచ్చు.

అలాంటప్పుడు గర్భం వెంటనే ఎందుకు ఆగదని మీకు అనిపించవచ్చు. ఒక్క కణం సుమారు ఒక రోజుకు రెండుగా, రెండో రోజుకు నాలుగుగా, మూడో రోజుకు ఎనిమిదిగా విడిపోతుంది. ఈ తొలి విభజనలు చాలావరకు అండంలో ముందే నిల్వ ఉన్న పదార్థాలతోనే నడుస్తాయి. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో పిండం తన సొంత జన్యువుల మీద ఆధారపడడం మొదలుపెడుతుంది, లోపం ఉంటే అప్పటి నుంచే బయటపడుతుంది. కొన్ని అక్కడే ఆగిపోతాయి, కొన్ని ఇంకాస్త ముందుకు వెళతాయి. మీది బహుశా గర్భాశయం వరకు చేరి ఉంటుంది. అయిదో రోజుకు పిండం లోపల ద్రవం నిండిన చిన్న బంతిలా తయారవుతుంది, దాన్నే బ్లాస్టోసిస్ట్ అంటాం. తర్వాత అది పైనున్న పొరను చీల్చుకుని వచ్చి గర్భాశయపు గోడలో నాటుకుంటుంది. మునుముందు మాయగా మారాల్సిన బయటి కణాలు అప్పుడు హెచ్‌సీజీ హార్మోన్‌ను విడుదల చేస్తాయి. మీరు చూసిన లేత గీత ఆ హార్మోన్‌దే. ఆ పట్టు నిలవనప్పుడు హార్మోన్ తగ్గి, లోపలి పొర రాలి, రక్తస్రావం అవుతుంది.

ఫలదీకరణ జరిగిన తొలి ఆరు రోజులూ పిండం మీ రక్తంతో సంబంధమే లేకుండా ద్రవంలో తేలుతూ ఉంటుంది. నాటుకున్నాక కూడా బండి కుదుపులకు అది ఊడిపడదు. పండిన బొప్పాయి మామూలుగా తింటే గర్భం పోతుందనడానికి ఆధారం లేదు, పాలు కారే పచ్చికాయను మాత్రం గర్భిణులు తినకపోవడమే మేలు. ఈ భాగం మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

ఇప్పుడు చేయాల్సింది ఒకటుంది. హెచ్‌సీజీ పూర్తిగా తగ్గిందో లేదో రక్తపరీక్షతో నిర్ధారించుకోండి. తగ్గకుండా నిలిచినా, పెరిగినా, గర్భం అండవాహికలోనే ఆగిపోయి ఉండే అవకాశాన్ని చూడాల్సి ఉంటుంది. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం ఉంటే మరుసటి రోజు వరకు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పరీక్ష నెగెటివ్ వచ్చాక, ఒక నెలసరి చూసుకుని మళ్లీ ప్రయత్నించవచ్చు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే వాడండి, బిడ్డ వెన్నుపాముగా మారే నాళం ఫలదీకరణ జరిగిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది కాబట్టి గర్భం తెలిశాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. ఒక్కసారి ఇలా జరిగినందుకు పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు. మళ్లీ ఇలాగే అయితే మాత్రం మీ వారితో కలిసి గైనకాలజిస్టును సంప్రదించండి.