స్పీడ్ టెస్ట్‌లో 30 ఎంబీపీఎస్ వస్తున్నా మీటింగ్‌లో మాట తెగుతోంది, డాంగిల్ మార్చాలా?

మీరు చెప్పింది ఇదీ: దేవరకొండ అవతల ఊరు, ల్యాప్‌టాప్‌కు 4జీ డాంగిల్, డౌన్‌లోడ్ 30 ఎంబీపీఎస్ దాకా చూపిస్తోంది. అయినా వీడియో మీటింగ్‌లో మాట తెగుతోంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో మౌస్ కదిపితే అర సెకను ఆగి కదులుతోంది. ఇంకా పెద్ద డాంగిల్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. మీటింగ్‌కు రెండు మూడు ఎంబీపీఎస్ చాలు, మీకు దానికి పదింతలు వస్తోంది. మీ ఇబ్బంది లేటెన్సీది, అంటే ప్యాకెట్ పోయి రావడానికి పట్టే ఆలస్యానిది. అందులోనూ నా అనుమానం అప్‌లోడ్ మీద.

ఊరు దూరం కాబట్టి ఆలస్యం అని చాలామంది అంటారు. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు పడుతుంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు, అంటే పోయి రావడానికి ఒక్క మిల్లీసెకను. కేబుల్ చుట్టు తిరిగి పోయినా రెండు మూడు. కాబట్టి మీరు పడే ఆలస్యంలో పెద్ద వాటా డాంగిల్ లోపలే పుడుతోంది, లేకుంటే డాంగిల్‌కూ టవర్‌కూ మధ్య పుడుతోంది.

ముందు కొలవండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మొదట డాంగిల్‌కే పింగ్ కొట్టండి: ping అని రాసి పక్కన చిరునామా ఇస్తే, చిన్న ప్యాకెట్ పోయి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబుతుంది. హువావే రకాలకు 192.168.8.1, జియోఫైకి 192.168.1.1. యూఎస్‌బీలో గుచ్చినదైతే ఒకటి రెండు మిల్లీసెకన్లే రావాలి. వైఫై మీద వాడేదైతే కాస్త ఎక్కువ ఉంటుంది. కానీ అక్కడే 40, 90, 150 అని ఊగుతుంటే టవర్‌ను అనాల్సిన పనిలేదు, మీ గదిలోని 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే బాగాలేదు. డాంగిల్‌ను కేబుల్‌తో కలిపి మళ్లీ చూడండి. తర్వాత వేరే పనేమీ నడవనప్పుడు గూగుల్ సర్వర్ 8.8.8.8కు యాభై పింగ్‌లు కొట్టండి. చివర మైనస్ ఎన్ 50 అని చేరిస్తే యాభై కొట్టి ఆగుతుంది. 4జీలో 30 నుంచి 60 మామూలు. సగటు ఒక్కటే చూస్తే మోసపోతారు, కనిష్ఠానికీ గరిష్ఠానికీ తేడా ఎంతుందో చూడండి. మాట తెగడానికి కారణం ఆ ఊగులాటే. ఇక అసలు పరీక్ష: గూగుల్ డ్రైవ్‌లోకి 200 ఎంబీల ఫైల్ ఎక్కించడం మొదలుపెట్టి, అది ఎక్కుతుండగానే అదే పింగ్ కొట్టండి. 45 ఉన్నది 800, 1200 అయిందంటే దొంగ దొరికినట్టే.

ఎందుకంటే పంపాల్సిన ప్యాకెట్లు డాంగిల్‌లో వరుస కట్టి ఆగుతాయి. మీ అప్‌లోడ్ 3 ఎంబీపీఎస్ అనుకుందాం, అంటే సెకనుకు 375 కేబీ. ఆ వరుసలో 375 కేబీ పేరుకుపోయిందంటే, దాని వెనక చేరిన మీ మాట ప్యాకెట్ 200 బైట్లదే అయినా సెకను ఆగాల్సిందే. కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లు గేటు ముందు వడ్ల ట్రాక్టర్ల బారు వెనక సైకిల్ మోటార్ వాడు ఇరుక్కున్నట్టు ఉంటుంది. ఫోన్ మాటకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు. సెకను వస్తే ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడతారు.

ఆ బారు కట్టేది ఎవరో వెతకండి. చాలా ఇళ్లలో అది ల్యాప్‌టాప్ కాదు, డాంగిల్ వైఫైకి కలిపిన ఫోన్. ఫోన్‌కు అది మొబైల్ డేటా అని తెలియదు. వైఫై దొరికింది కదా అని పెళ్లి వీడియోలన్నీ గూగుల్ ఫొటోస్‌కు ఎక్కిస్తుంది. ఫోన్‌లో ఆ వైఫైని మీటర్డ్ (డేటా లెక్కగా వాడాల్సినది) అని గుర్తు పెట్టండి, బ్యాకప్‌ను రాత్రికి వదలండి. ల్యాప్‌టాప్‌లో వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ రేటుకు హద్దు పెట్టే గడి ఉంది. అది సెకనుకు కేబీల్లో అడుగుతుంది, 3 ఎంబీపీఎస్ లైన్‌కు 100 పెడితే మీటింగ్‌కు చోటు మిగులుతుంది. విండోస్ అప్‌డేట్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ కూడా ఆపేయండి, అది మీ అప్‌లోడ్‌తో వేరే కంప్యూటర్లకు అప్‌డేట్లు పంపగలదు. ఇంట్లో నలుగురైదుగురు వాడేచోట ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకు వేసే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసిన రౌటర్‌కు డాంగిల్ గుచ్చి, బారు కట్టకుండా చూసే ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్‌లో కేక్ అనే పద్ధతి ఎంచుకుని, అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండింటికీ కొలిచినదానిలో 80 శాతం హద్దు పెట్టండి. ఆ కొలత రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య తీసుకున్నదై ఉండాలి. పొద్దున ఆరింటికి తీసిన అంకె పెడితే సాయంత్రం అది హద్దే కాదు, బారు మళ్లీ కడుతుంది.

ఇక సిగ్నల్. గీతల్ని నమ్మకండి. డాంగిల్ పేజీలో డివైస్ ఇన్ఫర్మేషన్ కింద ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో), ఎస్ఐఎన్ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత తేటగా ఉందో) అని రెండు అంకెలుంటాయి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 80 దగ్గర ఉంటే చాలా బాగు, మైనస్ 100 పనికొస్తుంది, మైనస్ 115 దాటితే తెగుతూ అతుకుతూ ఉంటుంది. కానీ నేను ఎక్కువ విలువిచ్చేది ఎస్ఐఎన్ఆర్‌కే. 13 పైన ఉంటే హాయి, 5 కింద ఉంటే ప్యాకెట్లు పాడై మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది, ఒక్కోసారికి కొన్ని మిల్లీసెకన్లు కలుస్తాయి, పింగ్ ఊగేది అందుకే. మన దగ్గర గుట్టల మధ్య ఊళ్లలో ఒక చిత్రం చూడొచ్చు: బంగ్లా మీదికి ఎక్కితే ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 85కు వస్తుంది, ఎస్ఐఎన్ఆర్ మాత్రం 2కు పడిపోతుంది. అంత ఎత్తులో నాలుగు టవర్లు ఒకేసారి కనిపించి ఒకదాని మీద ఒకటి పడతాయి. అదే డాంగిల్‌ను పిట్టగోడ వెనక్కి దించి, ఒక్క టవర్ వైపు మాత్రం తెరిచి ఉంచితే సిగ్నల్ మైనస్ 92కు తగ్గినా ఎస్ఐఎన్ఆర్ 12కు ఎక్కుతుంది, పింగ్ నిలబడుతుంది. రెండో చోటే మంచిది. టవర్ ఏ దిక్కునుందో టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో మ్యాప్ మీద చూసుకోవచ్చు.

రేకుల ఇంట్లో పైకప్పు అద్దంలా తరంగాల్ని వెనక్కి కొడుతుంది, కిటికీ దగ్గరికి తేవడమే దారి. దానికి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ చాలు. మీటరున్నర నుంచి మూడు మీటర్లలో, తీగ లావుగా ఉన్నది తీసుకోండి. యూఎస్‌బీ 2.0కు 5 మీటర్లే హద్దు. సన్న కేబుల్‌లో వోల్టేజీ పడిపోతుంది, డాంగిల్ గట్టిగా పంపాల్సి వచ్చినప్పుడే ఆఫ్ అయి ఆన్ అవుతుంది. మీటింగ్ మధ్యలో తెగేది చాలాసార్లు ఇదే. డాంగిల్ పక్క పోర్టులో యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ ఉంటే తీసేయండి, దాని రొద 2300 మెగాహెర్ట్జ్ దగ్గరి సిగ్నల్‌ను కొడుతుంది. ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. ఈ పరికరాలు సాధారణంగా 40 డిగ్రీల దాకా పనిచేసేలా చేసినవి. నల్లగొండలో మేలో బయటే 44 ఉంటుంది, రేకు కింద ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం రెండు తర్వాత మాత్రమే నెమ్మదించే డాంగిల్ వేడికి నెమ్మదిస్తోంది, నీడలో గాలి తగిలేచోట వేలాడదీయండి.

బయట యాంటెన్నా పెట్టాలంటే రెండు తీగలున్నదే పెట్టండి, ఒక్కటి గుచ్చితే మైమో (రెండు యాంటెన్నాలతో ఒకేసారి డేటా నడిపే పద్ధతి) పోయి వేగం సగమవుతుంది. ఆ తీగ పొడవైతే లాభం తీగలోనే ఆవిరవుతుంది. పది మీటర్లు కావాలంటే సిమ్ వేసే రౌటర్‌నే పైన పెట్టి ఈథర్నెట్ దించండి, అది 100 మీటర్లు పోతుంది. అనుమతి లేకుండా సిగ్నల్ బూస్టర్ పెట్టడం నేరం, పైగా ఊరందరి సిగ్నల్‌నూ చెడగొడుతుంది. ఆ జోలికి పోకండి.

బ్యాండ్ సంగతి కూడా చూడండి, అంటే టవర్ ఏ తరంగాల మీద నడుస్తోందో. 850, 900 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 5, 8, దూరం పోతాయి, గోడలు దాటుతాయి, కానీ ఇరుకైనవి. వెడల్పు 5 మెగాహెర్ట్జ్ ఉంటే రెండు యాంటెన్నాలతోనూ గరిష్ఠం 37 ఎంబీపీఎస్ దగ్గరే, అదీ టవర్ కింద ఉన్న వాళ్లంతా పంచుకోవాలి. 1800 అంటే బ్యాండ్ 3లో 20 మెగాహెర్ట్జ్ వెడల్పు దొరికితే 150 దాకా. 2300 అంటే బ్యాండ్ 40లో పైకీ కిందికీ ఒకే తరంగం వంతులవారీగా నడుస్తుంది, వంతులో పెద్ద భాగం డౌన్‌లోడ్‌కే పోతుంది. అందుకే డౌన్‌లోడ్ 30 ఉండి అప్‌లోడ్ 2 ఉన్న లైన్లు కనిపిస్తాయి. మీది అలాగే ఉందేమో చూడండి. డాంగిల్‌లో బ్యాండ్ ఎంచుకునే వీలుంటే బ్యాండ్ 3కు కట్టి పింగ్, అప్‌లోడ్ రెండూ పోల్చండి. డౌన్‌లోడ్ 15కు తగ్గినా అప్‌లోడ్ 6 అయితే మీ పనికి అదే మేలు.

కాసేపు ఆగి క్లిక్ చేస్తే మొదటిది మాత్రమే ఆలస్యమవుతోందా? కొన్ని సెకన్లు డేటా పోకపోతే నెట్‌వర్క్ మోడెమ్‌ను నిద్రపుచ్చుతుంది, మళ్లీ లేపడానికి వంద మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఒక కిటికీలో పింగ్ మైనస్ టి నడుస్తూ ఉంచండి, గంటకు అర ఎంబీ కూడా తినదు.

రిమోట్ డెస్క్‌టాప్ ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) మీద అయితే గేట్‌వే, అంటే ఆ దారి మొదలయ్యే సర్వర్, ఎక్కడుందో అడగండి. హైదరాబాద్ సర్వర్‌కైనా అమెరికా గేట్‌వే గుండా పోతే 200 మిల్లీసెకన్ల పైనే కలుస్తాయి, ఏ డాంగిల్ దాన్ని తగ్గించలేదు. వీపీఎన్ కలిసి కూడా పేజీలు సగంలో ఆగుతుంటే ఎంటీయూను (ఒక్కో ప్యాకెట్ ఎన్ని బైట్లు ఉండొచ్చో చెప్పే హద్దు) 1400కు, అప్పటికీ కుదరకపోతే 1280కి దించండి.

ఇవన్నీ చేశాక కూడా కొనాలనిపిస్తే, కేటగిరీ 4 డాంగిల్ నుంచి ఇంకో కేటగిరీ 4కు మారి లాభం లేదు (కేటగిరీ అంటే 4జీ మోడెమ్ శక్తిని చెప్పే అంకె). కేటగిరీ 6 లేదా పైది రెండు బ్యాండ్లను కలపగలదు. 7.2, 21 అని రాసి తక్కువకు అమ్మే పాత 3జీ డాంగిళ్లు ముట్టుకోకండి, జియోకు 3జీయే లేదు, ఎయిర్‌టెల్ 2020లో ఆపేసింది. మీ ఊళ్లో 5జీ పడుతుంటే ముందు ఇంట్లో ఉన్న 5జీ ఫోన్‌ను హాట్‌స్పాట్ మీద కాకుండా యూఎస్‌బీ టెథరింగ్ మీద కలిపి, ఆ మూడు పింగ్‌లూ కొట్టి చూడండి. కొత్త ఫోన్ యాంటెన్నాలు, బ్యాండ్లు కలిపే శక్తి రెండు మూడు వేల డాంగిల్ కంటే మెరుగ్గానే ఉంటాయి. కొనేటప్పుడు పెట్టె మీద బ్యాండ్ 3, 5, 8, 40 ఉన్నాయా, బీఎస్‌ఎన్‌ఎల్ వాడే ఆలోచన ఉంటే 28 కూడా ఉందా, ఏదైనా ఒక్క కంపెనీ సిమ్‌కే లాక్ చేశారా అన్నవి దుకాణంలోనే మీ సిమ్ వేసి చూసుకుని డబ్బులివ్వండి.