బి సినిమా నటి గురించి రాయబోయే మేనకోడలికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, అమెరికా నటి బెవర్లీ గార్లాండ్ జీవితం మీద వ్యాసం రాయబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. సినిమా వ్యాసాలు దిద్దుతూ బతికినవాణ్ణి కనుక ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఆమె మీద జాలితో మొదలుపెట్టకు, ఆమె చేసిన పనితో మొదలుపెట్టు.

ఆ పని అర్థం కావాలంటే ముందు డబ్బు లెక్క తెలియాలి. 1930లలో అక్కడి థియేటర్లు ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు చూపించేవి. పెద్ద సినిమాకు వసూళ్లలో వాటా తీసుకునే స్టూడియోలకు, దానికి జతగా వెళ్లే చౌక చిత్రం, అంటే బి సినిమా మీద ముందే ఖాయమైన అద్దె మాత్రమే వచ్చేది. ఎంత బాగా ఆడినా రాబడి పెరగదు కనుక లాభమంతా ఖర్చు తగ్గించడంలోనే ఉండేది, ఆ భారం చివరకు నటీనటుల ఒంటి మీద పడేది. స్టూడియోలకు సొంత థియేటర్లు ఉండకూడదన్న 1948 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు, ఆ వెంటే టెలివిజన్ రాక ఆ పాత ఏర్పాటును దెబ్బతీశాయి కానీ, 1950లలో దర్శక నిర్మాత రోజర్ కోర్మన్ వంటివారు డ్రైవ్-ఇన్‌ల (కారులో కూర్చునే సినిమా చూసే ఆరుబయలు థియేటర్ల) కోసం తీసిన చౌక చిత్రాల్లో ఖర్చు తగ్గించే ఆ హడావిడి అలాగే కొనసాగింది. గార్లాండ్ పేరు తెచ్చుకున్నది ఈ రెండో దశలో. ఈ చరిత్రను ఒక్క పేరాలో ముగించెయ్యి.

నువ్వు తీరికగా రాయవలసినది 1956లో విడుదలైన కోర్మన్ చిత్రం ‘గన్‌స్లింగర్’ గురించి. హత్యకు గురైన భర్త స్థానంలో మార్షల్ (ఊరి పోలీసు అధికారి) బ్యాడ్జి పెట్టుకునే స్త్రీగా ఆమె నటించింది. ఆ షూటింగులో ఆమె చీలమండ బెణికితే, నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించుకుని పని పూర్తి చేసింది. అదే చిత్రంలో తోటి నటి అలిసన్ హేస్ గుర్రం మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, అంబులెన్స్ వచ్చేలోగా ఆమె క్లోజప్పులు తీసుకున్నారని చెబుతారు. ఇలాంటి కథలు చెప్పగా చెప్పగా నున్నబడతాయి కనుక, ఎవరు ఎన్నేళ్ల తర్వాత చెప్పారో చూసుకుని, ఆ సంగతి పాఠకుడికి తెలిసేలా రాయి.

ఇంకొకటి. 1957లో మొదలైన ‘డికాయ్’ అనే టీవీ ధారావాహికలో ఆమె న్యూయార్క్ మహిళా పోలీసుగా ప్రధాన పాత్ర వేసింది. అప్పట్లో అలాంటి పాత్ర ఒక స్త్రీకి దక్కడం చాలా అరుదు. దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తే నేను ఒప్పుకోను. ఆ చౌక చిత్రాల వారం రోజుల షూటింగుల్లో అలవడిన వేగమే టీవీలో ఆమెకు ఎలా పనికొచ్చిందో ఎపిసోడ్లు చూసి నువ్వే పట్టుకోవాలి. తర్వాతి దశాబ్దాల్లోనూ ఆమె టీవీలో నటిస్తూనే ఉంది, భర్తతో కలిసి నార్త్ హాలీవుడ్‌లో హోటల్ కూడా నడిపింది. కాబట్టి ‘మరుగున పడిన తార’ అనే మాట నీ వ్యాసంలో ఎక్కడా కనిపించకూడదు.

చిత్తుప్రతి పూర్తికాగానే పంపు, దిద్ది పంపిస్తాను.

మీ మామయ్య