నెలలు నిండకుండా పుట్టిన పిల్లల డీక్యూ ఒక్కసారిగా పెరిగితే

డీక్యూ అంటే బిడ్డ వికాస వయసును (చేయగలిగే పనులను బట్టి కట్టే వయసు) బిడ్డ వయసుతో భాగించి వందతో గుణిస్తే వచ్చే స్కోరు. పిల్లల కేంద్రంలో చేరినప్పటి స్కోరుకీ ఆర్నెల్ల తర్వాతి స్కోరుకీ పెద్ద తేడా నెలలు నిండని పిల్లల్లోనే వస్తే, కారణం చాలావరకు వయసు లెక్కే. మొదటిసారి పుట్టిన తేదీ నుంచి లెక్కించి, రెండోసారి సవరించిన వయసు (ముందుగా పుట్టిన వారాలు తీసేసిన వయసు) వాడి ఉంటారు.

28 వారాలకు పుట్టిన పాపను చూడండి. పుట్టి 36 వారాలైంది. నిండు 40 వారాలకు తక్కువైన 12 వారాలు తీసేస్తే 24. వికాస వయసు 18 వారాలైతే, డీక్యూ మొదటి లెక్కలో 50, రెండో లెక్కలో 75. పాప అదే, పరీక్షించిన రోజు కూడా అదే.

1. డిశ్చార్జి సమ్మరీ చూసి, ఎన్ని వారాలకు పుట్టిందో ప్రతి బిడ్డకూ రాయండి. "ఎనిమిదో నెల" అంటే చాలదు, వారాలే కావాలి.

2. వికాస వయసును కదపకుండా, రెండుసార్లకూ సవరించిన వయసుతోనే డీక్యూ మళ్లీ కట్టండి.

3. అందరూ వదిలేసేది ఇదే: ఏ వయసు వాడారో చెప్పే గడి. ప్రతి స్కోరు పక్కనా ఉండాలి. సాధారణంగా 24 నెలలు దాటాక సవరణ ఆపేస్తారు. ఆ గడి లేకపోతే అప్పుడు స్కోరు ఉత్తపుణ్యాన పడిపోయినట్టు కనిపిస్తుంది, బిడ్డ వెనకబడిందని తల్లికి చెప్పేస్తారు. దయచేసి అది జరగనివ్వకండి.

4. ఈ స్కోర్లు జిల్లా కార్యాలయానికి పంపేటప్పుడు రెండుసార్లూ పరీక్షించిన పిల్లలనే సగటులో కలపండి. మధ్యలో మానేసినవాళ్ల సంఖ్య విడిగా ఇవ్వండి. పేరు, ఊరు, పుట్టిన తేదీ తీసేయండి. నలుగురైదుగురే ఉన్న గుంపును పక్క గుంపులో కలిపేయండి, లేకపోతే బిడ్డ ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.